అక్క ఫొటోకి ముప్పై మాటలు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆవిడకి ఒకటుండేది గానీ, ఫొటో స్టూడియోలో పనికి చేరిన పదో రోజుకే అది మరుగున పడిపోయింది. తరగతి ఫొటోలకి వరసలో నిలబడ్డ బడిపిల్లలెవరో "కెమెరమ్మా" అన్నారు. పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది. ఇరవై రెండేళ్ళు ఆ స్టూడియోలోనే గడిచిపోయాయి. పాస్‌పోర్టు ఫొటోలు, గుర్తింపు కార్డుల ఫొటోలు, బడి ఫొటోలు. "గడ్డం కొంచెం దించండి, కళ్ళు మూయకండి" అని రోజుకి వందసార్లు అనేది. కలలో కూడా అదే కలవరిస్తుందని వాళ్ళ బావ ఏడిపించేవాడు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చిపడ్డాయి. ఒక సోమవారం పొద్దున స్టూడియో యజమాని షట్టరు సగం ఎత్తి, ఏమనుకున్నాడో ఏమో, మళ్ళీ దించేసి, "ఇంక చాలమ్మా" అన్నాడు. అంతే. కెమెరమ్మ తన రెండు లెన్సులూ సంచీలో వేసుకుని నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

ఇల్లంటే అక్క ఇల్లే. వీధి వైపు అక్క కుట్టు దుకాణం, దాని వెనక అక్కా బావా ఉండే రెండు గదులు, పైన కెమెరమ్మ గది. అక్క కొత్త బట్టలు కుట్టదు, పాతవి బాగుచేస్తుంది. కోటుకి లోపలి గుడ్డ మార్చడం, జిప్పులు వేయడం, బిగుతైన ప్యాంట్లు వదులు చేయడం. గిరాకీకి ఎప్పుడూ లోటు లేదు. పొట్ట పెరిగి సిగ్గుపడుతూ వచ్చిన మనిషితో, "మీరు పెరగలేదండీ, గుడ్డే కుంచించుకుపోయింది" అనేది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళి ఇంకో రెండు ప్యాంట్లు పట్టుకొచ్చేవాడు. బావ సిటీ బస్సు డ్రైవరు. పాతికేళ్ళుగా ఒకటే రూటు. ఇంట్లో ఫ్యూజు పోయినా, కుళాయి కారినా తనే సరిచేస్తాడు, చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటాడు.

పని పోయాక కెమెరమ్మ రెండు నెలలు మేడమెట్ల మీద కూర్చుంది. చూసి చూసి ఒకరోజు బావే కదిలించాడు.

"ఇదిగో మరదలా, బస్సులో ఒకాయన చెప్పాడు. ఫొటోలు అమ్మిపెట్టే ఏజెన్సీలు ఉన్నాయట. మనం ఇస్తే చాలట. పత్రికలవాళ్ళూ కంపెనీలవాళ్ళూ ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కుంటారట. నీ దగ్గర గుట్టలు గుట్టలుగా ఉన్నాయి కదా!"

ఉన్న మాట నిజమే. సెలవు రోజుల్లో తనకోసం తీసుకున్నవి పదకొండు వేలు. తడిసిన కాలిబాటలు, బస్సులో తూగుతున్న ముసలివాళ్ళు, తాళాలు బాగుచేసేవాడి వేళ్ళు, అక్క దుకాణం. వాటిలో ఒకదాన్ని కెమెరమ్మ ఎవరికీ చెప్పకుండా అపురూపంగా దాచుకుంది. మిట్టమధ్యాహ్నం, కిటికీ పక్కన కుట్టుమిషను ముందు అక్క కూర్చుని ఉంది. గడ్డం పిడికిలి మీద ఆన్చుకుంది. ఒళ్ళో మగవాళ్ళ కోటు, దాని చెయ్యి ఒకటి నేల మీదికి వేలాడుతోంది. ఎడమ వైపు నుంచి వెలుతురు పడి, కళ్ళ కింద గీతలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. చూపు మాత్రం ఎక్కడో ఉంది. ఇరవై రెండేళ్ళ పనిలో అలాంటిది ఇంకోటి పడలేదని కెమెరమ్మకి తెలుసు.

ఏ ఏజెన్సీ అన్నది తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. విచారించగా విచారించగా మూడు మిగిలాయి. మొదటిది, మాకిస్తే ఇంకెవరికీ ఇవ్వకూడదు, ఐదేళ్ళు కట్టుబడి ఉండాలి అంది. ఐదేళ్ళంటే కెమెరమ్మకి భయం వేసి పక్కన పెట్టేసింది. రెండోది చాలా పెద్దది, ప్రపంచమంతా దాని ఖాతాదారులే. ఎన్ని ఫొటోలు పంపినా రెండు రోజుల్లో తీసుకుంటుంది, ఒక్క ప్రశ్న అడగదు. మూడోది ఊళ్ళోనే ఉంది, పెద్ద పోస్టాఫీసు వెనక రెండో అంతస్తులో. ఒకప్పుడు పత్రికల్లో ఫొటోలు తీసిన పెద్దాయన ఒకడు, ఇద్దరు సహాయకులతో నడుపుతున్నాడు.

కెమెరమ్మ ముందు ఆయన దగ్గరికే వెళ్ళింది. అచ్చువేసిన ఫొటోలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి, భూతద్దంతో తాపీగా చూశాడాయన. అక్క ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"ఈవిడ ఎవరు?"

"మా అక్కండీ."

"ఏం ఆలోచిస్తోంది?"

కెమెరమ్మ తెల్లబోయింది. "తెలీదండీ."

"అడగలేదా?"

"లేదండీ."

"అడిగి రండి. మా కాయితంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఈ ఫొటో ఎక్కడెక్కడ వాడకూడదు అని. దానికి జవాబు మీరు కాదు, ఆవిడ చెప్పాలి. మిగతావి ఇక్కడ పెట్టి వెళ్ళండి, ఆర్నెల్లలో ఏ సంగతీ చెప్తాను. వెయ్యి తెస్తే నలభై తీసుకుంటానేమో. ముందే చెప్తున్నాను, తర్వాత బాధపడకూడదు."

మెట్లు దిగుతుంటే కెమెరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆర్నెల్లా! మళ్ళీ అన్నాళ్ళు మేడమెట్ల మీద కూర్చోవాలా? ఇంటికొచ్చి చెబితే బావ పకపకా నవ్వాడు. "ఆయన దగ్గర పెడితే నీ ఫొటోలకి కూడా కళ్ళజోళ్ళు వస్తాయి. ఆ పెద్దదానికి ఇచ్చెయ్, పీడా పోతుంది."

అలా పెద్ద ఏజెన్సీ ఖాయమైంది.

మనుషుల మొహాలు కనబడే ఫొటోలకి వాళ్ళ సంతకం కావాలంది ఏజెన్సీ. అక్క అప్పుడు ఎవరిదో స్కర్టు అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. సూదులు పెదాల మధ్య ఉన్నాయి. కాయితం చూపిస్తే "ఊఁ?" అంది. "నీ ఫొటో పంపిస్తున్నానక్కా, సంతకం కావాలట." "ఊఁ" అని మోకాలి మీదే పెట్టుకుని సంతకం చేసేసింది. కింద సన్నటి అక్షరాల్లో నాలుగు పేజీలున్నాయి. అక్క చదవలేదు సరికదా, కెమెరమ్మా చదవలేదు.

ఆదివారం పొద్దున కెమెరమ్మ ఏజెన్సీ వెబ్‌సైట్లో ఫొటో ఎక్కించడానికి కూర్చుంది. కొనేవాళ్ళు వెతుక్కోవడానికి వీలుగా ఫొటో గురించి కనీసం ముప్పై మాటలు రాయాలట, కీవర్డులంటారు వాటిని. స్త్రీ, కిటికీ, కుట్టుమిషను, కోటు, దారం, మధ్యాహ్నం, వెలుతురు, చేతులు, దుకాణం, యాభై ఏళ్ళు. తల గోక్కుని గోక్కుని పద్నాలుగు దాకా తెచ్చింది. ఆపైన బుర్రలోంచి ఒక్కటీ ఊడిపడలేదు. ముప్పై నిండందే పేజీ ముందుకి జరగదు. అంతలో కింద బూడిదరంగులో కొన్ని మాటలు వాటంతటవే వచ్చి వాలాయి, ఇవి కూడా చేర్చుకోవచ్చునంటూ. విచారం. ఒంటరితనం. అలసట. మౌనం. నిరాశ. భయం. బాధితురాలు.

మొదటిదాని దగ్గర వేలు ఆగింది. "విచారంగానే ఉన్నట్టుందిలే" అనుకుని నొక్కింది. రెండోదానికి అంతసేపు ఆగలేదు. ఆ తర్వాత ఇక చూసుకోలేదు. టకటకా నొక్కుకుంటూ పోయింది. ముప్పై నిండగానే పచ్చటి టిక్కు పడింది, ప్రాణం లేచొచ్చింది.

ఐదు నెలలు బాగానే గడిచాయి. తడిసిన కాలిబాట ఎవరో కొన్నారు, తాళాల వేళ్ళు ఎవరో కొన్నారు. అక్క ఫొటో ఏడుసార్లు అమ్ముడుపోయింది. ఎవరు కొన్నారో ఏజెన్సీ చెప్పదు. ఏడుగురికి నచ్చింది కదా అని కెమెరమ్మ మురిసిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం బావ డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో ఉంది. ఏ వేళాకోళమూ లేదు.

"మరదలా, ఒకసారి బయటికి రా. అక్కకి చెప్పకు."

వీధి చివర బస్టాపు దాకా తీసుకెళ్ళాడు. బస్టాపు అద్దంలో నిలువెత్తు పోస్టరు ఉంది. అందులో అక్క. కిటికీ వెలుతురు బూడిదరంగుకి మారిపోయింది. కుట్టుమిషనూ లేదు, కోటూ లేదు, అంతా కోసేశారు. పిడికిలీ మొహమూ మాత్రమే మిగిలాయి. ఎడమ కన్ను కింద నీడ మునుపటికన్నా నల్లగా ఉంది. పైన పెద్ద అక్షరాల్లో, 'ఇంట్లో తగిలే దెబ్బలన్నీ బయటికి కనబడవు' అని రాసి ఉంది. కింద 'చెప్పుకోండి, మేమున్నాం' అని, ఒక ఫోను నంబరు.

కెమెరమ్మ అద్దం మీద ఆ నీడని వేలితో తుడవబోయింది.

"నా రూటులో ప్రతి స్టాపులోనూ ఉంది" అన్నాడు బావ. "పొద్దున్నుంచీ ఆగిన చోటల్లా మీ అక్క నన్నే చూస్తోంది. డిపోలో వాళ్ళందరికీ మీ అక్క తెలుసు కదా. మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు. ఉంది సార్ అన్నాను. సరే సరే అన్నాడు గానీ, ఆయన నా చేతుల వంక చూశాడే."

అక్కకి చెప్పకుండా ఎన్నాళ్ళు దాచగలరు? ఆ సాయంత్రమే ఎవరో చెప్పేశారు. అక్క శాలువా కప్పుకుని తనే వెళ్ళి చూసొచ్చింది. మొదట నవ్వింది. "ఇంత పెద్ద మొహమా నాది!" అంది. తర్వాత మిషను ముందు కూర్చుని చక్రం మీద చెయ్యి వేసింది.

"ఆ వేళ నేనేం ఆలోచిస్తున్నానో తెలుసా?" అంది. "ఆ కోటు ఒక బ్యాంకాయనది. ఆయన కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం కిందికుంటుంది. లోపల కాస్త దూది పెడితే సరిపోతుంది. పెడితే ఆయనకి చెప్పాలా, చెబితే నొచ్చుకుంటాడా అని ఆలోచిస్తున్నాను. అంతే." ఆగి, మళ్ళీ అంది. "అందులో వాళ్ళకి దెబ్బలు ఎలా కనిపించాయే?"

"మాటలు పెట్టి వెతుకుతారక్కా. ఫొటో కింద మాటలుంటాయి."

"ఏ మాటలు?"

కెమెరమ్మ చెప్పింది. అక్క అన్నీ వింది. "ఎవరు పెట్టారవి?"

"నేనే."

అక్క తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. సూదిలోకి దారం ఎక్కించుకోబోయింది, మూడుసార్లు తప్పింది.

మర్నాటి నుంచి దుకాణం తీరే మారిపోయింది. వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి, రోగి మంచం పక్కన కూర్చున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. బాగుచేయమని ఇచ్చిన కోటు జేబులో ఒకావిడ వకీలు ఫోను నంబరు రాసి పెట్టి వెళ్ళింది. ఎప్పుడూ వచ్చే ప్యాంటాయన, బావ స్టూలెక్కి బల్బు మారుస్తుంటే చూసి, "మళ్ళీ వస్తానమ్మా" అని ప్యాంటు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. "అబ్బే, మా ఆయన అలాంటివాడు కాదండీ" అని అక్క ఎవరితోనైనా అంటే, వాళ్ళ కళ్ళలో జాలి ఇంకాస్త పెరిగేది. కాదన్నకొద్దీ అవునన్నట్టే అయ్యేది.

కెమెరమ్మ ఏజెన్సీకి రాసింది. 'మీ సందేశం అందింది, మీరు మాకు ఎంతో ముఖ్యులు' అని జవాబొచ్చింది. మళ్ళీ రాసింది, మళ్ళీ ముఖ్యురాలే అయింది. మూడు వారాలయ్యాక, నాలుగోసారికి ఎవరో మనిషి పలికాడు. ఫొటోని అమ్మకం నుంచి తీసేశామన్నాడు. ఇప్పటికే కొన్నవాళ్ళ హక్కు వాళ్ళదేనట, దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదట. ఏ పనికి వాడుకున్నా అభ్యంతరం లేదని ఫలానా పేజీలో మీరూ మీ మోడలూ ఒప్పుకున్నారు చూసుకోండి అన్నాడు. మోడలట! అక్కని ఆ మాట అనగా వినడం అదే మొదటిసారి.

పోస్టరు మీద ఉన్న నంబరుకే ఫోను చేసింది ఆఖరికి. ఎత్తినావిడ గొంతు చాలా మెత్తగా ఉంది. కెమెరమ్మ మొదటినుంచీ పూసగుచ్చినట్టు చెప్పింది.

"మీ అక్కగారు ఇప్పుడు మీ పక్కన ఉన్నారా?" అని అడిగింది ఆవిడ.

"లేరండీ."

"ఈ పోస్టరు తీయించమని ఆవిడే అడిగారా? ఇంట్లో ఇంకెవరైనా అడగమన్నారా?"

"అయ్యో, అలాంటిదేం లేదండీ! మా బావ చీమకి కూడా..."

"నాకు అర్థమైందమ్మా. తొందరేం లేదు. మీరు మాట్లాడగలిగినప్పుడే మాట్లాడండి."

కెమెరమ్మకి ఏడుపొచ్చింది. కాసేపటికి అవతలావిడ నమ్మిందో, సగమే నమ్మిందో గానీ, ఇలా అంది. "నూట నలభై స్టాపుల్లో పెట్టామమ్మా, మూడు నెలలకి. గట్టిగా అడిగితే తీయిస్తాం. ఒక్క మాట మాత్రం చెప్పనివ్వండి. ఇంతకుముందు అందమైన అమ్మాయిల ఫొటోలు పెట్టేవాళ్ళం. పెద్దగా ఎవరూ ఫోను చేసేవారు కాదు. మీ అక్కగారి మొహం పెట్టాక ఫోన్లు రెండింతలయ్యాయి. చూస్తే మా అమ్మలా ఉంది, మా పక్కింటావిడలా ఉంది అంటున్నారు. ఇప్పుడు చెప్పండి, తీయించమంటారా?"

"మా అక్కని అడిగి చెప్తానండీ" అని కెమెరమ్మ ఫోను పెట్టేసింది.

అక్కనడిగితే, "రెండింతలా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత, "ఉండనీ" అంది. "మూడు నెలలేగా." అంటున్నప్పుడు బావ మొహం వంక చూడలేదు. బావ లేచి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ వారంలోనే కెమెరమ్మ మళ్ళీ పోస్టాఫీసు వెనక మెట్లెక్కింది. పెద్దాయన పోస్టరు చూశాడట. నేనప్పుడే చెప్పలేదా అంటాడేమోనని గుండె దిటవు చేసుకుని వెళ్ళింది గానీ ఆయన అనలేదు. కుర్చీ చూపించాడు.

"మొదటే మీకిచ్చి ఉంటే ఇలా అయ్యేది కాదు" అంది కెమెరమ్మ.

"ఏమో. నేను అడుగుతాను, రాసుకుంటాను, కొన్నవాడి చేత ఒప్పుకోలు తీసుకుంటాను. అక్కడితో సరి. వాడు మాట తప్పితే నేను వెనకాల పరుగెత్తగలనా? నా కాళ్ళు చూడండి." భూతద్దం చొక్కాకి తుడుచుకున్నాడు. "మిగతావి తెచ్చారా?"

తెచ్చింది. ఈసారి అన్నీ మనుషులు లేనివే. ఆయన రెండు మూడు చూసి పక్కన పెట్టాడు. ఆర్నెల్లలో చెప్తానన్నాడు.

ఆ మర్నాడు బుధవారం. మధ్యాహ్నం దుకాణంలో అక్కా కెమెరమ్మా ఉన్నారు. ఒకామె లోపలికొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతిలో కోటు ఉంది, భుజం దగ్గర కుట్టు మొత్తం తెగిపోయింది. అక్క దాన్ని బల్ల మీద పరిచి వేళ్ళతో తడిమింది. అరిగి తెగిన కుట్టుకీ లాగితే తెగిన కుట్టుకీ తేడా అక్క వేళ్ళకి తెలుసు. తలెత్తి చూసింది. అప్పటికే ఆమె అక్కని కన్నార్పకుండా చూస్తోంది.

"మీరే కదండీ" అంది ఆమె. "మీరే."

అక్క అవుననలేదు, కాదనలేదు.

"మా ఇంటి ముందు స్టాపులో ఉన్నారు మీరు. రోజూ చూసేదాన్ని. ఒకరోజు మూడు బస్సులు వదిలేసి మీ ముందే నిలబడిపోయాను. ఈవిడే చెప్పుకోగలిగినప్పుడు నాకేం అనిపించింది. ఆ నంబరుకి చేశాను. ఇప్పుడు వేరే చోట ఉంటున్నాను, పన్నెండు రోజులైంది." ఒక అడుగు ముందుకేసింది. "మీరు ఎలా బయటపడ్డారండీ?"

అక్క కెమెరమ్మ వైపు చూసింది. కాపాడమన్నట్టు చూసిన చూపది. ఇది అబద్ధమమ్మా, ఆవిడ అప్పుడు ఒకాయన భుజం గురించి ఆలోచిస్తోందమ్మా అని ఎలా చెప్పడం? చెబితే ఆ మనిషి ఎటు వెళుతుంది?

సరిగ్గా అప్పుడే వెనక గదిలో బావ దగ్గాడు. రెండో షిఫ్టు కాబట్టి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

ఆమె ఉలిక్కిపడి గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి వేసింది. "లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అంది అక్క. "రేడియో. కూర్చోమ్మా. ఏమైనా తిన్నావా?"

వెనక గదిలో అలికిడి ఆగిపోయింది. కాసేపటికి పెరటి తలుపు గడియ, చప్పుడు కాకుండా ఎవరో నెమ్మదిగా తీసినట్టు, చిన్నగా కదిలింది. అక్క టీ ఇచ్చి, కోటు ఒళ్ళోకి తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఆమె చెబుతూ ఉంది. అక్క మధ్యమధ్య "ఊఁ" అంటూ ఉంది. ఎలా బయటపడ్డావన్నదానికి మాత్రం జవాబు చెప్పలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. జవాబు దొరికినట్టే ఉంది ఆమె మొహం. వెళ్తూ వెళ్తూ, "వచ్చే బుధవారం రానా అండీ?" అంది.

"రామ్మా" అంది అక్క. ఇంకేమంటుంది?

బుధవారం బుధవారం వస్తోంది ఆమె. ఒకసారి బొత్తం ఊడిందని, ఒకసారి ఊరికే. ఇంకొకామెని కూడా వెంట తెచ్చింది. మూడు నెలలూ అయిపోయి బస్టాపుల్లో పోస్టర్లు మారాయి గానీ, బుధవారాలు మారలేదు. బావ ఆ రోజుకి మొదటి షిఫ్టు అడిగాడు, ఇవ్వలేదు. అందుకని భోజనం చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి తలుపులోంచి జారుకుంటాడు. రెండు వీధుల అవతల చిన్న పార్కుంది, అక్కడ సిమెంటు బెంచీ మీద కూర్చుంటాడు.

మొన్న బుధవారం సన్నగా జల్లు పడుతుంటే కెమెరమ్మ గొడుగు తీసుకెళ్ళింది.

"వెళ్ళిపోయిందా?" అన్నాడు బావ.

"ఇంకా లేదు బావా."

పక్కకి జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ ఒక గొడుగు కింద కూర్చున్నారు. బావ నవ్వబోయి మానేశాడు.

"పాతికేళ్ళలో మీ అక్క మీద ఒక్కసారైనా చెయ్యెత్తానా నేను?"

"లేదు బావా."

"గొంతైనా పెంచానా?"

"లేదు."

"నీకు తెలుసు. నాకూ తెలుసు. అయినా ఈమధ్య బస్సు ఆపినప్పుడల్లా నాలో నేనే వెతుక్కుంటున్నాను. ఎప్పుడైనా, ఏదైనా, నాకు తెలియకుండా..." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "ఇంకోసారి చెప్పు మరదలా."

"లేదు బావా. ఎప్పుడూ లేదు."

తలూపాడు. నమ్మకం కుదిరినట్టు లేదు. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. కెమెరమ్మ మళ్ళీ అదే చెప్పింది.